చీపుర్ల అల్మారా

పెద్ద దుప్పటిని ఒక్కరే మడత పెట్టాలంటే ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టాలి. రెండు చేతులూ చాపి అంచులు కలపాలి, నేలకి తగలకుండా మోకాలితో పైకి ఎగదొయ్యాలి. తెల్ల దుప్పటి నేలకి తగిలిందంటే మళ్ళీ మెషిన్‌లోకే. అదే ఇద్దరుంటే ఆటలా సాగిపోతుంది. ఎదురెదురుగా నిలబడి లాగి విదిలించి, నాలుగడుగులు దగ్గరికి నడిచి, కొసలు ఒకరి వేళ్ళలోంచి ఇంకొకరి వేళ్ళలోకి అందించి, మళ్ళీ వెనక్కి. ఆ రెండో మనిషి ఆసుపత్రిలో పడుకుని నాలుగు రోజులైంది. సోమవారం పొద్దున్న ఎనిమిదో దుప్పటి నా గడ్డం కింద ఉండగా ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినబడింది.

“పెట్టె లేదు.”

గడ్డం ఎత్తితే దుప్పటి జారిపోతుంది. పళ్ళ సందుల్లోంచే “ఏ పెట్టె?” అన్నాను.

“కెమెరాల పెట్టె. రికార్డరు. ఎవడో ఎత్తుకుపోయాడు.”

దుప్పటి నేల మీద పడింది.

మాది లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, వెనక హాల్లో మూడు ఉతికే మెషిన్లు, రెండు ఆరబెట్టేవి, చొక్కాల కాలర్లకి ఒక ప్రెస్సు, మడతల బల్ల. రెండు హోటళ్ళ దుప్పట్లు, ఒక క్లినిక్ తువ్వాళ్ళు, ఆఫీసులకెళ్ళే వాళ్ళ చొక్కాలు మా దగ్గరికి వస్తాయి. నేను వెళ్ళి చూసేసరికి కౌంటరు కింద అర ఖాళీగా ఉంది. వైర్లు కత్తిరించిన చోట రాగి తీగలు పీచులా బయటికొచ్చాయి. మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. “శనివారం తాళం సరిగ్గా వేసి ఉండవు” అన్నారు. తాళం నేనే వేశాను, రెండుసార్లు లాగి చూశాను. ఆ తాళం ఇప్పుడు కూడా చెక్కుచెదరకుండా ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

బావగారు అయిదు నిమిషాల్లో వచ్చారు. మా ఆయనకి అన్నగారు. వాళ్ళింటి నుంచి షాపుకి పావుగంట నడక. ఆ లెక్క నాకు ఆ తర్వాత గాని తట్టలేదు. వచ్చి అర చూసి, వైర్లు చూసి, వెనక్కి వెళ్ళి ఫ్యాను కింద తన కుర్చీలో కూర్చున్నారు. “పోతే పోయింది లేరా. వస్తువే కదా. మనుషులు బాగుంటే చాలు” అన్నారు. ఒక హ్యాంగరు తగ్గిందని మూడు రోజులు మూడు వీధులు తిరిగిన మనిషి ఆయన. “రేపు ఆ లేబరు ఆఫీసరు వస్తాడు కదా, ఉన్నమాట చెప్పేద్దాం. దొంగలు పడ్డారు, రికార్డు పోయింది, మేమేం చెయ్యగలం అని. నువ్వు పద, పోలీసుస్టేషన్లో ఒక కాగితం ఇచ్చొద్దాం.”

అప్పటికే నా నాలుక చివర ఒక మాట ఉంది. నోరు తెరిచాను కూడా. కానీ బావగారి ముఖం చూసి ఆగిపోయాను. దొంగలు పడ్డ ఇంట్లో మనిషి ముఖంలా లేదు అది. తప్పిపోయిన గేదె తనంతట తానే దొడ్లోకి వస్తే రైతు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను చెప్పబోయిన మాట ఇది. పోయింది రికార్డరు కాదు. డొల్ల పెట్టె.

ఆ కెమెరాల పని నా నెత్తిన పడిన రోజు నాకు బాగా గుర్తు. “నువ్వు ఖాళీగానే ఉంటావు కదా, ఆ సంగతేదో నువ్వే చూసుకో” అన్నారు మా ఆయన. అప్పుడు నా ఒక చేతిలో సిరా మరక పడ్డ చొక్కా, రెండో చేతిలో నిమ్మచెక్క, చెవి దగ్గర ఫోన్లో దుప్పట్లు ఇంకా రాలేదని గదమాయిస్తున్న హోటలు మేనేజరు ఉన్నారు. మా ఇంట్లో ఖాళీ అంటే నేను. ఖాళీ చేతికి పని, ఖాళీ నోటికి సంజాయిషీ, ఖాళీ బుర్రకి గుర్తుపెట్టుకోవడాలు. ఎవరి చొక్కాకి ఏ గుండీ ఊడింది, ఏ మెషిన్ ఏ చప్పుడు చేస్తే ఏం జబ్బు, క్లినిక్ తువ్వాళ్ళు ఏ రోజు వేడినీళ్ళలో రెండుసార్లు తిప్పాలి, అత్తగారి మాత్రలు ఎన్నింటికి, అన్నీ నాలోనే దాచి ఉంటాయి. డిగ్రీ చదివాను కాబట్టి ఇంకాస్త దాచగలనని వాళ్ళ నమ్మకం. ఎవరైనా వచ్చి “మీరేం చేస్తుంటారమ్మా?” అని అడిగితే బావగారు నాకంటే ముందే చెబుతారు. “ఇంట్లోనే ఉంటుందండీ. అప్పుడప్పుడూ షాపుకొచ్చి కూర్చుంటుంది.”

కూర్చోవడానికి ఆ షాపులో ఉన్నది ఒకటే కుర్చీ. అది ఆయనదే.

కెమెరాలు బిగించింది వైర్ల బాబాయి. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, వీధి వీధంతా బాబాయే. రెండు నెలల కిందట పక్కవీధి మందుల షాపులో దొంగలు పడ్డారు. కెమెరాలు నాలుగున్నా వాళ్ళ ముఖాలు దొరకలేదు, ఎందుకంటే పోతూ పోతూ రికార్డరు కూడా పట్టుకుపోయారు. ఆ వారమే బాబాయి మా షాపుకొచ్చి కౌంటరు కింద పెట్టె చూసి తల పట్టుకున్నాడు. “కెమెరా అంటే కన్ను, అంతే అమ్మాయ్. చూసిందంతా దాచుకునే తలకాయ ఈ పెట్టె. దీన్ని ఇలా అరుగు మీద తాతలాగా కూర్చోబెడితే ఎలాగ? ఈ షాపులో ఎవరూ తెరవని తలుపేదైనా ఉందా?”

“ఎవరూ అంటే?”

“దొంగలూ, మీవాళ్ళూ.”

“ఉంది. చీపుర్ల అల్మారా” అన్నాను.

బాబాయి నవ్వాడు గాని నేను నవ్వలేదు. పదకొండేళ్ళలో ఆ తలుపు నేనూ, మా దగ్గర పనిచేసే మడతక్కా తప్ప ఇంకెవరూ ముట్టుకున్న గుర్తు లేదు. చీపుర్లు, తడిగుడ్డ కర్ర, దొడ్డి కడిగే మందు, పగిలిన బకెట్టు. బాబాయి అక్కడ పై అరలో అసలు రికార్డరు పెట్టి, గాలి ఆడటానికి వెనక చెక్కకి బెజ్జాలు కొట్టి, వైర్లన్నీ పైకప్పులోంచి దాచి తెచ్చి తాళం వేసిచ్చాడు. పాడైపోయిన పాత పెట్టె ఒకటి కౌంటరు కింద పెట్టి, చిన్న ఎర్రలైటు వెలిగేలా చేశాడు. దాని వెనక వైర్లన్నీ ఉత్తవే, గోడ మీది టీవీకి వెళ్ళేది ఒక్కటే నిజం. టీవీలో వెనక్కి తిప్పి ఎవరైనా చూడొచ్చు, చెరపాలంటే మాత్రం పాస్‌వర్డు కావాలి, అది నీకొక్కదానికే తెలిసుండాలి అన్నాడు. నా ఫోన్లోనూ చూసుకునేలా పెట్టాడు. మా ఆయన ఫోన్లో పెట్టబోతే “నాకెందుకు, అది చూస్తుందిగా” అన్నారట.

దొంగచాటుగా చేయలేదు నేను. ఆ రోజే అన్నం వడ్డిస్తూ మొత్తం చెప్పాను. అసలుది ఎక్కడుంది, ఉత్తది ఎక్కడుంది, ఎందుకు అలా పెట్టాం అని. ఆయన ఫోన్ చూసుకుంటూ “ఊఁ” అన్నారు. మా కాపురంలో ఆ “ఊఁ” ఎన్ని మింగిందో. నా నడుం నొప్పి మింగింది, మా అమ్మ ఆపరేషన్ తారీఖు మింగింది, నేను బ్యాంకు పరీక్ష రాస్తానన్న మాట మింగింది. రికార్డరు ఒక లెక్కా దానికి.

ఇక గురువారం సంగతి. మడతక్క అని మేం పిలిచే ఆవిడ మా దగ్గర ఏడేళ్ళుగా పనిచేస్తోంది. ఆవిడ మడతపెట్టిన దుప్పట్ల దొంతర పక్కన స్కేలు పెట్టి చూసినా వంక దొరకదు. పదిమంది ముందు నన్ను “అమ్మగారూ” అంటుంది, దుప్పటికి చెరో వైపు నిలబడ్డప్పుడు “చెల్లెమ్మా” అంటుంది. కాలరు ప్రెస్సు పని కూడా ఆవిడదే. దానికి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే వేడి పలక కిందికి దిగుతుంది. చెయ్యి లోపలుండగా దిగకూడదని అలా తయారుచేశారు. గురువారం మధ్యాహ్నం ఆ పలక ఆవిడ ఎడమ చెయ్యి మీద దిగింది. నేను కౌంటరు దగ్గరున్నాను. ఆ కేక నేను రాయలేను. ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు ప్రెస్సు ఆపడానికి వెళితే రెండో బటన్ మీద గోధుమరంగు టేపు ముక్క కనబడింది, బటన్‌ని అణచిపెట్టి అంటించి ఉంది. అంటే ఒక చేత్తో నొక్కినా పలక దిగిపోతుందన్నమాట.

“పని తొందరగా తెమిలిపోతుందని అదే అంటించుకుంది. వందసార్లు చెప్పాను వద్దని” అన్నారు బావగారు, ఆసుపత్రిలో డాక్టరు ముందే. ఆసుపత్రి వాళ్ళు కార్మిక శాఖకి తెలియజేశారు. మంగళవారం పదకొండింటికి ఆఫీసరు వస్తానన్నాడు. టేపు ఆవిడే వేసుకుందని తేలితే తప్పంతా ఆవిడదే. వైద్యం ఖర్చులకి ఆవిడ పాట్లు ఆవిడవే, పైగా ఆ చెయ్యితో, ఆ పేరుతో ఇంకో షాపు వాళ్ళు గడప ఎక్కనివ్వరు. ఆవిడ అలాంటి పని చెయ్యదని నాకు తెలుసు. నా అనుమానం బావగారి మీదే. నిజం చెప్పాలంటే ఆ అనుమానం నాకు తియ్యగా కూడా ఉంది. పెట్టెలో అంతా ఉంటుంది, మంగళవారం ఆఫీసరు ముందే తీసి చూపిస్తాను, ఆయన ముఖం అప్పుడు చూడాలి అనుకుంటూ నాలుగు రోజులు ఇద్దరి పనీ ఒక్కదాన్నే చేశాను. ముందుగా చూడాలని తోచలేదు. తోచినా తీరలేదు. గురువారం నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ షాపులోనే ఉన్నారు, టీవీ వెలుగుతోంది. ఆ రాత్రి పడుకోబోతుంటే మా ఆయన అడిగారు. “దాంట్లో చెరపాలంటే ఏదో పాస్‌వర్డు అడుగుతోంది, ఏంటది?” ఎందుకన్నాను. “నిండిపోయిందేమోనని.” నిండితే పాతది దానంతటదే పోతుంది లెండి అని అటు తిరిగాను. మీద గోనెసంచి పడ్డట్టు నిద్ర పట్టేసింది.

సోమవారం వాళ్ళిద్దరూ పోలీసుస్టేషన్‌కి వెళ్ళగానే చీపుర్ల అల్మారా తాళం తీశాను. పై అరలో పచ్చలైటు, వెచ్చటి గాలి, అంతా మామూలే. పగిలిన బకెట్టు బోర్లించి కూర్చుని ఫోన్లో ఆదివారం తీశాను. ఆదివారం మాకు సెలవు. మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. షట్టరు సగం లేచింది. వంగి లోపలికొచ్చాడు దొంగ. తల మీద హెల్మెట్, అద్దం దించి ఉంది. చేతులకి తొడుగులు. ఎంత తెగించిన దొంగో పట్టపగలు, అనుకున్నాను.

హెల్మెట్ పెట్టుకున్న దొంగ చెప్పులు విప్పాడు.

మా షాపులో గడప దాటితే ఎవరైనా వట్టి కాళ్ళే. తెల్ల బట్టలు కింద పడతాయని మొదటి రోజు నుంచీ నేను పెట్టిన పద్ధతి. దొంగ చెప్పులు విప్పి, కాలి బొటనవేలితో రెండూ దగ్గరికి జరిపి, గోడ వారగా పెట్టి, అప్పుడు లోపలికి నడిచాడు. చీకట్లో స్విచ్చి కోసం తడుముకోలేదు. కొక్కేనికున్న కత్తెర తీసుకుని వైర్లు కత్తిరించాడు, పెట్టె చంకలో పెట్టుకున్నాడు, కత్తెర బల్ల మీద పడేసి పోయాడు. పొద్దున్న వచ్చి ఆ కత్తెర తీసి కొక్కేనికి తగిలించింది నేనే. దొంగ వెనక కూడా సర్దాను నేను.

ముందు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, బకెట్టు కదిలింది. ఆ తర్వాత, చెప్పులు అలా బొటనవేలితో జరపడం రోజూ మా ఇంటి గుమ్మంలో చూసేదేనని గుర్తొచ్చింది. ఆదివారం మూడింటికి ఆయన జుట్టు కత్తిరించుకొస్తానని వెళ్ళారు. నాలుగింటికి వచ్చి, అక్కడ జనం ఎక్కువగా ఉన్నారని అలాగే వచ్చేశానన్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. ఎండలో పడొచ్చారు పాపం అనుకున్నాను. పదకొండేళ్ళుగా ఆయన చెమట పట్టిన చొక్కాలు ఉతుకుతున్నాను, ఏ చెమట దేనికి పట్టిందో తెలుసనుకున్నాను.

ఒంటిగంటకి ఆయన ఒక్కరే తిరిగొచ్చారు. పోలీసులు కాగితం తీసుకున్నారని చెప్పారు. నేను విన్నాను. తర్వాత అన్నాను, “హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు చెప్పులతోనే వచ్చుంటే బాగుండేది.”

ఆయనకి వెంటనే అందలేదు. అందాక ముఖంలో రంగు ఉతికేసినట్టు పోయింది.

“ఎలా... పెట్టె నా దగ్గరే...”

“అది పాడైపోయిన పెట్టె. రెండు నెలల కిందట చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

ఆయన ముడి విప్పని బట్టల మూట మీద కూలబడ్డారు. కేకలేస్తారనుకున్నాను, ఎదురు తిరుగుతారనుకున్నాను. అదేం లేదు. తల ఎత్తకుండానే, “నీ కోసమే తీశాను” అన్నారు.

“నా కోసమా, మీ అన్న కోసమా?”

“నువ్వింకా చూడలేదా? ఆదివారానిది కాదు. ముందుది.”

“లేదు.”

“అయితే చూడకు. నా మాట విను. ఆ పాస్‌వర్డేదో కొట్టి చెరిపెయ్యి. షాపు కాగితాల మీద నీ పేరే ఉంది. రేపు ఎవరేం అడిగినా నిన్నే అడుగుతారు.”

షాపు నాదని నాకు అప్పుడు తెలిసింది. ఎప్పుడో పెళ్ళైన రెండో ఏడు, పొయ్యి మీద పాలు పెట్టి ఉండగా, “ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి” అంటూ ఏవో సంతకాలు పెట్టించుకున్నారు. పాలు పొంగిపోతాయని గబగబా గీకేశాను. ఇన్నేళ్ళూ అప్పుడప్పుడూ వచ్చి కూర్చునే దాన్ని. తప్పు జరిగిన రోజున యజమానురాలిని.

ఆయన చూడకు అన్నారు కాబట్టి చూశాను. మళ్ళీ చీపుర్ల దగ్గరికే వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. గురువారం నుంచి వెనక్కి, వేగంగా తిప్పుతూ. వేగంగా తిప్పితే మనుషులు చీమలైపోతారు. ఒక చీమ మాత్రం ఎక్కడా ఆగదు. మెషిన్ దగ్గరికి, బల్ల దగ్గరికి, కౌంటరుకి, మళ్ళీ మెషిన్‌కి, మూట ఎత్తుకుని, బకెట్టు పట్టుకుని. ఎవరది ఇంత పిచ్చిగా తిరుగుతోంది అనుకున్నాను ఒక క్షణం. చీర కొంగు నడుం దగ్గర దోపుకున్న తీరు చూస్తే అది నేనే. నన్ను నేను ఎప్పుడూ వెనక నుంచి చూసుకోలేదు. మా అమ్మమ్మ నడుంలా వంగిపోయింది నా నడుం.

బుధవారం టేపు ఉంది. మంగళవారం సాయంత్రం కూడా ఉంది. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి లేదు. వేగం తగ్గించాను. మడతక్క వచ్చేది పదింటికి. తొమ్మిదీ ఇరవైకి ఒక ఆడమనిషి ప్రెస్సు దగ్గరికొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్. చేతికి గాజులా తొడుక్కున్న టేపు చుట్ట. ఫోన్లో మాట్లాడుతూనే టేపు లాగింది, పళ్ళతో కొరికింది, బటన్‌ని అణచిపెట్టి అంటించింది. ఊడిపోకుండా బొటనవేలితో రెండుసార్లు నున్నగా రుద్దింది. పనిమంతురాలు. అంతా కలిపి తొమ్మిది సెకన్లు. తర్వాత తొట్టి వైపు వెళ్ళిపోయింది.

నేను.

తల మీద ఎవరో రోకలితో మోదితే నొప్పి వెంటనే తెలియదంటారు, ముందు చప్పుడు వినబడుతుందట. నాకు చప్పుడే వినబడింది. నా చెవుల్లో నా రక్తం చప్పుడు. చీపురు పుల్లలు పట్టుకుని కూర్చున్నానని అరచేతిలో గీరుకున్నాక గాని తెలియలేదు. ఎంత తవ్వినా ఆ తొమ్మిది సెకన్లు నాలో దొరకలేదు. ఆ ముందుది మాత్రం దొరికింది. నా వెనక నుంచి బావగారి గొంతు. “అమ్మాయ్, ఆ రెండో బటన్‌కి ఒక టేపు ముక్క వెయ్యి. రెండు చేతులూ దానికే అయితే కాలరెప్పుడు సర్దుతారు? ఒక చెయ్యి ఖాళీ అవుతుంది.” “సరే బావగారూ” అన్నాను. అంతే. నీళ్ళ కుళాయి కట్టెయ్యమంటే కట్టేసినట్టు, లైటు వెయ్యమంటే వేసినట్టు. ఆ రోజు నేను వాళ్ళ మాట మీద చేసిన నూట యాభయ్యో పనో, నూట అరవయ్యో. అది ఎందుకు వెయ్యమన్నారు, వేస్తే ఏమవుతుంది అని ఆలోచించడం నా పనుల్లో లేదు. డిగ్రీ చదివిన బుర్ర, ప్రెస్సు మీద అతికించిన హెచ్చరిక కాగితం నేనే చదివి మడతక్కకి వివరించాను మొదటి రోజున. ఇదే బుర్ర.

బావగారి గొంతు ఎక్కడా లేదు. మా కెమెరాలకి మాట వినబడదు. చెయ్యిని చూస్తాయి గాని, చెయ్యమన్న నోటిని చూడవు. పదకొండు సార్లు చూశాను. పదకొండు సార్లూ ఆ టేపు నేనే కొరికాను.

సాయంత్రం అత్తగారు ఇంటి నుంచి ఫోన్ చేశారు. ఆవిడకీ తెలుసన్నమాట. “ఆడది కడుపులో పెట్టుకుంటే ఏ ఇల్లైనా నిలుస్తుంది తల్లీ. నీ కోసం వాడు దొంగ కూడా అయ్యాడు, ఇంకేం కావాలి నీకు?” మా ఆయన నా వెనకే నిలబడ్డారు. ఫోన్ పెట్టేసి కెమెరాల పేజీ తెరిచాను. అన్నీ చెరిపెయ్యాలా అని అడిగింది. పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలు. అబద్ధం ఎందుకు, ఆరు అక్షరాలు కొట్టాను. భయం వేసింది. ఆఫీసరు, కాగితాలు, నా పేరు, జైలు ఎలా ఉంటుందో. ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళలో ఈ ఇల్లంతా కలిసి నా కోసం కష్టపడటం ఇదే మొదటిసారి. అది వదులుకోబుద్ధి కాలేదు.

“ఆగావేం?” అన్నారు ఆయన. మెల్లగానే అన్నారు.

“చెరిపేస్తే మడతక్క మీదికే పోతుంది కదండీ.”

“ఆవిడకేదో ఒకటి చేద్దాం లే. తర్వాత.”

ఆ “తర్వాత” నాకు బాగా తెలిసిందే. “ఊఁ”కి తోడబుట్టింది. కొట్టిన ఆరు అక్షరాలూ ఒక్కొక్కటిగా వెనక్కి చెరిపాను.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికే వైర్ల బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆ తొమ్మిది సెకన్లూ, గురువారం మధ్యాహ్నానిదీ, ఆదివారానిదీ రెండు పెన్‌డ్రైవుల్లోకీ తీశాడు. తీస్తూ చూశాడు. నా వైపు చూడలేదు. “ఒకటి నా దగ్గరుంచుతాను. బయటి దొంగ నయం అమ్మాయ్, వాడికి మన అల్మారాలు తెలియవు” అని మాత్రం అన్నాడు.

ఆసుపత్రి వార్డులో మడతక్క గోడ వైపు పక్క మీద ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు, దిండు మీద పెట్టి ఉంది. నన్ను చూసి లేవబోయింది. పడుకో అక్కా అన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. ఈలోపు ఆవిడే మాట్లాడింది.

“చెల్లెమ్మా, పెద్దాయన నిన్న సాయంత్రం వచ్చి వెళ్ళారు. ఆ టేపు నేనే వేశానని ఒప్పుకుంటే గొడవ లేకుండా పోతుందట. నాకు పోయిన మంగళవారం నేను వచ్చేసరికే ఉందని గుర్తు. కానీ అందరూ అంటుంటే, ఈ మందుల మత్తులో... ఏమో, నేనే వేశానేమో అనిపిస్తోంది. ఎవరో కావాలని వెయ్యరు కదా.”

“నువ్వు వెయ్యలేదక్కా.”

“అంటే?”

“నేను వేశాను.”

ఆవిడ నవ్వబోయింది. నా ముఖం చూసి మానేసింది. ఫోన్ తీసి ఆవిడ కుడిచేతిలో పెట్టాను. తొమ్మిది సెకన్లు. ఆవిడ చూస్తున్నంతసేపూ నేను పక్క మంచం కింద పెట్టిన ఎవరివో గిన్నెల్ని చూశాను. మళ్ళీ నొక్కి చూసింది. నాకు తిట్లు కావాలి. ఉమ్మేసినా బాగుండేది. మూడోసారి నొక్కింది.

“నీ చెయ్యే” అంది చివరికి. “ఏడేళ్ళ నుంచి చూస్తున్న చెయ్యి. ఇది నేను మర్చిపోలేను చెల్లెమ్మా. అబద్ధమెందుకు.”

“వద్దు. మర్చిపోవద్దు.”

ఎవరో నర్సు వచ్చి సెలైను సీసా చూసి వెళ్ళింది. మడతక్క మళ్ళీ ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది, కళ్ళు చిట్లించింది, గోటితో తెర కింది మూల చూపించింది.

“మరి ఈ కాలెవరిది?”

వంగి చూశాను. బొమ్మ కింది అంచున, కెమెరా కిందే ఉండే కుర్చీలోంచి చాచిన పాదం ఒకటి. వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి. నేను టేపు లాగుతున్నప్పుడు ఆ పాదం బటన్ వైపు చూపిస్తూ రెండుసార్లు ఆడింది, అదే, అదే, అన్నట్టు. నేను అంటించి రుద్దగానే వెనక్కి జరిగింది. పదకొండు సార్లు చూశాను నేను. నా చెయ్యి తప్ప నాకు ఇంకేం కనబడలేదు.

“చిటికెన వేలు పక్కకి ఒరిగి ఉంది చూడు” అంది మడతక్క. “రోజూ ఊడ్చేటప్పుడు, కాస్త ఎత్తండయ్యా అని బతిమాలేది ఈ కాలినే. చీకట్లో చూపించినా గుర్తుపడతాను.”

గోడ మీద గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఆఫీసరు నంబరు నోటీసు కాగితం మీద ఉంది. నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు. ఇప్పుడే షాపుకి బయల్దేరుతున్నానన్నాడు.

“షాపుకి వద్దు సార్” అన్నాను. “ఆసుపత్రికి రండి. ఇద్దరం ఇక్కడే ఉన్నాం.”